మానుతున్న గాయం, వేడి గదిలో యోగా: సెగ చేసేదేమిటి, చేయలేనిదేమిటి

రెండేళ్ల కిందట మే చివర్లో, ఒడిశాలోని బరంపురంలో మా ఇంటి మెట్ల మీద అడుగు తప్పి నా కుడి చీలమండ బెణికింది. ఆ సాయంత్రమే ఇచ్ఛాపురం నుంచి మా దొడ్డమ్మ వచ్చింది. రాతి ఉప్పు వేయించి, పాత చీర ముక్కలో మూటగట్టి కాపడం పెట్టింది. ఆ పావుగంట ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. తెల్లవారేసరికి పాదం చెప్పులో పట్టనంతగా ఉబ్బింది.

మూడు వారాలు గడిచాయి. వాపు చాలావరకు తీసింది, నడుస్తున్నాను, కానీ పాదం బిగుసుకుపోయి ఉంది. జూన్ 21 యోగా దినోత్సవం దగ్గరపడుతోంది. పక్కింటి అమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. మూసిన గదిలో చెమటలు కారుతుండగా పాతికమంది ఆసనాలు వేస్తున్నారు. "హాట్ యోగా పిన్నీ. దెబ్బలు తగిలినవాళ్లకు కూడా మంచిదట. వాళ్లకు హీటర్లు కావాలి. మనకెందుకు? ఫ్యాను ఆపి కిటికీలు మూస్తే చాలదా?"

ఆ మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. దెబ్బ తగిలిన శరీరానికి వేడి మేలు చేస్తుందా అన్నది ఒకటి. ఆ వీడియోలోని వేడి, మన గంజాం తీరపు వేడి ఒకటేనా అన్నది రెండోది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగిళ్లలో ఈ మధ్య ఈ సంగతి తరచుగా వినిపిస్తోంది కాబట్టి, నేను చదివినదీ నా కాలు నేర్పినదీ కలిపి ఇక్కడ విడమరుస్తున్నాను.

హాట్ యోగా అన్న పేరు ఎక్కడిది

కావాలని వేడి చేసిన గదిలో ఆసనాలు వేయడమే హాట్ యోగా. దానికి ఒకే కొలత లేదు. అందరికీ తెలిసిన రూపం బిక్రమ్ యోగా. అందులో 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు, 90 నిమిషాల తరగతి, సుమారు 40.5 డిగ్రీల వేడి, 40 శాతం తేమ ఉంటాయి. మిగతా రకాల్లో 32 నుంచి 38 డిగ్రీల దాకా ఉంచుతారు.

ఇది కొల్‌కతాలో పుట్టి అమెరికాలో పెరిగిన పద్ధతి. పరమహంస యోగానంద తమ్ముడు బిష్ణు చరణ్ ఘోష్ శిష్యుడైన బిక్రమ్ చౌదరి 1970లలో దాన్ని అమెరికాకు తీసుకెళ్లారు. ఆసనాల వరుస మీద తనకే హక్కు ఉండాలని ఆయన వాదిస్తే, అలాంటి వరుసకు కాపీరైటు వర్తించదని 2015లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. ఆయన మీద లైంగిక వేధింపుల కేసులు వచ్చాక చాలా కేంద్రాలు ఆ పేరు వదిలి 'హాట్ యోగా' అన్న బోర్డు పెట్టుకున్నాయి. అందువల్ల ఇప్పుడు ఆ బోర్డు కింద ఎంత వేడి, ఎంత సేపు, ఏ ఆసనాలు అన్నది కేంద్రాన్ని బట్టి మారుతుంది.

ఇది మన ప్రాచీన పద్ధతే కదా అనేవాళ్లున్నారు. ఆసనాలు మనవే, వేడి గది మాత్రం కొత్తది. హఠయోగ ప్రదీపికలో చెమట ప్రస్తావన ఉంది. శ్రమ వల్ల పుట్టిన చెమటను ఒంటికి మర్దనా చేసుకోమంటుంది. అది సాధన వల్ల లోపలినుంచి పుట్టిన చెమట. అదే గ్రంథం సాధన మొదలుపెట్టిన రోజుల్లో నిప్పు సెగ దగ్గర కూర్చోవడం మానమని కూడా చెబుతుంది.

ఫ్యాను ఆపిన గది ఎంత వేడి? ఒక లెక్క

రెండో ప్రశ్ననే ముందు తీసుకుంటాను. మన ప్రాంతంలో దీన్ని అడిగేవాళ్లు తక్కువ.

మన శరీరాన్ని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరిపోవడం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారిపోతుందే తప్ప ఆరదు. అప్పుడు లోపలి వేడి బయటికి పోదు. ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపి శరీరానికి ఎంత వేడిగా అనిపిస్తుందో చెప్పే లెక్కను హీట్ ఇండెక్స్ అంటారు. అమెరికా వాతావరణ శాఖ వాడే సూత్రంతో నేను రెండు గదులను పోల్చి చూశాను.

మొదటిది బిక్రమ్ గది: 40.5 డిగ్రీలు, 40 శాతం తేమ. శరీరానికి అనిపించే వేడి 50 డిగ్రీలకు కాస్త తక్కువ.

రెండోది జూన్‌లో మా ముందుగది: మా గోడ గడియారంలో ఆ ఉదయం 35 డిగ్రీలు, 70 శాతం తేమ. శరీరానికి అనిపించే వేడి 50 డిగ్రీలకు కాస్త ఎక్కువ.

హీటర్లు మనకెందుకని ఆ అమ్మాయి అన్నది అక్షరాలా నిజం. గోపాలపురం నుంచి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, మే జూన్ నెలల్లో, మూసిన హాలు ఏ హీటరూ లేకుండానే హాట్ యోగా గది అయిపోతుంది. అదీగాక ఈ సూత్రం నీడలో తేలికగా నడిచే మనిషిని లెక్కలోకి తీసుకుంటుంది. ఆసనాలు వేస్తుంటే కండరాలు పుట్టించే వేడి దానికి అదనం. 'మేము మామూలు యోగానే చేస్తున్నాం' అనుకునేవాళ్లు కూడా ఇక్కడ ఆ రెండు నెలలూ వేడి గదిలోనే ఉన్నట్టు. కొరాపుట్ కొండల మీద ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వంశధార లోయలోని గుణుపురం వాళ్లు తమ గదిలో తేమ ఎంతో చూసుకుని లెక్కవేసుకోవాలి.

తేడా ఒక్కటుంది. హీటరు గదిలోంచి బయటికి వస్తే చల్లగాలి దొరుకుతుంది. మన హాలులోంచి బయటికి వస్తే ఎండ దొరుకుతుంది. 1998 వడగాలులకు ఒడిశాలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వేడి విషయంలో 'మనకు అలవాటే' అన్న మాటను ఆ సంవత్సరం గుర్తున్నవాళ్లు తేలిగ్గా అనలేరు. పైగా అలవాటు కూడా ఉండిపోయేది కాదు. శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. దెబ్బ తగిలి కొన్ని వారాలు ఫ్యాను కింద మంచం మీద ఉంటే అందులో చాలా భాగం పోతుంది.

బెణికిన చోట లోపల జరుగుతున్నది

బెణుకు అంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీలాంటి లిగమెంట్ సాగడమో, కొంత చిరగడమో, పూర్తిగా తెగడమో. కండరం పట్టేయడం వేరు, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ దెబ్బతినడం వేరు. మనం మాటల్లో అన్నిటినీ 'నరం పట్టింది' అంటాం. అందుకే ఒకరికి పనిచేసిన వైద్యం మరొకరికి బెడిసికొడుతుంది.

గాయం మానడం మూడు దశల్లో సాగుతుంది. మొదటి కొన్ని రోజులు వాపు దశ. చిరిగిన రక్తనాళాల నుంచి రక్తం, ద్రవం చేరతాయి, శుభ్రం చేసే కణాలు వస్తాయి. తరువాత కొన్ని వారాలు కొత్త పోగులు పుట్టే దశ. ఆ తరువాత నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి, ఆ పోగులు సర్దుకుని గట్టిపడే దశ.

రెండో దశ గురించి చెప్పాలంటే నాకు మా ఊరి పట్టుచీరల మగ్గాలే గుర్తొస్తాయి. కొత్తగా పుట్టే కొల్లాజెన్ పోగులు మొదట చిక్కుపడిన నూలులా ఎటుపడితే అటు ఉంటాయి. వాటి మీద కొద్దికొద్దిగా లాగుడు పడితేనే, ఆ లాగుడు పడ్డ దిశలో, బిగించిన పడుగులా వరుసకు వస్తాయి. లాగుడు అసలే లేకపోతే చిక్కు చిక్కుగానే గట్టిపడుతుంది. మరీ ఎక్కువైతే పోగు తెగుతుంది. ఫిజియోథెరపీ సారమంతా ఆ మధ్యనున్న కొలతను పట్టుకోవడమే. ఈ పనిలో వేడికి నేరుగా భాగం లేదు. పోగులను వరుసకు తెచ్చేది బరువూ కదలికా. వేడి వాటికి తోడు రావచ్చు, రాకపోవచ్చు.

వేడి ఇచ్చే సాయం, అందులోని చిక్కు

వేడికి రక్తనాళాలు విప్పారతాయి. పాత బిగుతుకు ఇది మేలు. నిన్నటి బెణుకుకు కీడు, ఎందుకంటే కారుతున్న చోటికి ఇంకా రక్తం చేరుతుంది. మా దొడ్డమ్మ కాపడం తరువాత నా పాదం అంతగా ఉబ్బడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆమె చేయి మంచిదే, రోజు కుదరలేదు.

వేడికి కండరాల బిగుతు సడలుతుంది, కొల్లాజెన్ పోగులు సులువుగా సాగుతాయి. తరగతిలో మొదటిరోజే చేతివేళ్లు నేలకు అందడానికి కారణం ఇదే. ఆ సాగుడులో చాలా భాగం గది దాటాక ఉండదు. ఉండనందుకు బాధ లేదు. చిక్కు ఎక్కడంటే, సగం మానిన లిగమెంట్ కూడా మిగతావాటితో పాటు సాగుతుంది. కీలును పట్టి ఉంచడమే దాని పని. కండరం సాగితే లాభం. లిగమెంట్ సాగితే కీలు వదులవుతుంది. స్వతహాగానే కీళ్లు వదులుగా, ఎటంటే అటు వంగేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

వేడికి నొప్పి తెలియడం కూడా తగ్గుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మానుతున్న గాయానికి నొప్పి కాపలాదారు. 'ఇంతవరకే' అని చెప్పేది అదే. వేడి గదిలో ఆ కాపలాదారు కునుకు తీస్తాడు. గాయం మానలేదు, మానినట్టు అనిపిస్తుంది. దీనికి నొప్పి మాత్ర కూడా తోడైతే ఆ కాపలాదారు గొంతు పూర్తిగా మూగబోతుంది.

ఇక్కడే కాపడాన్నీ వేడి గదినీ విడదీసి చూడాలి. ఉప్పు మూట, వేడినీళ్ల సంచి ఒక్క చోటికే సెగ ఇస్తాయి. గుండెకు పెద్ద పని పెట్టవు. వేడి గది ఒళ్లంతటినీ వేడెక్కిస్తుంది. శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, లేచి నిలబడినప్పుడు తల తిరగవచ్చు. బెణికిన చీలమండకు అసలే నిలకడ తక్కువ, ఎందుకంటే కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే సంకేతాలు బెణుకుతో మందగిస్తాయి. ఆ కాలి మీద, తల తిరుగుతుండగా, చెమటకు తడిసిన చాప మీద వృక్షాసనం వేయడం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఐసా, కాపడమా: వైద్యులే మాట మార్చుకున్న చోట

జనం తికమకపడటానికి ఒక కారణం వైద్య సలహా నిజంగానే మారడం. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే నాలుగు సూత్రాలను 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ ప్రచారంలోకి తెచ్చారు. దశాబ్దాల తరువాత, ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని ఆయనే ఒప్పుకున్నారు. 2019లో బ్రిటిష్ స్పోర్ట్స్ మెడిసిన్ పత్రికలో వచ్చిన కొత్త సూచనలు మొదటి రోజుల్లో కాపాడుకోవడం, వాపును అణచే మందుల జోలికి తొందరపడి పోకపోవడం, ఆపై క్రమంగా బరువు వేయడం, రక్తప్రసరణ పెంచే వ్యాయామం అంటాయి. వాపు శత్రువు కాదు, మానడంలో మొదటి అడుగు అన్నది వాటి వెనకున్న ఆలోచన.

అయితే నడుం నొప్పికి వేరే నియమం ఉంది. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి కాపడం పెట్టమని అమెరికా వైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. నెలల తరబడి ఉన్న నడుం నొప్పికి అవే మార్గదర్శకాలు యోగాను కూడా సూచిస్తాయి. 'దెబ్బకు మొదట వేడి వద్దు' అన్నది వాచిన బెణుకుకు సరిపోయే మాటే కానీ, పట్టేసిన నడుముకు సరిపోయేది కాదు. కాపడం మంచిది, యోగా మంచిది కాబట్టి రెండూ కలిపి 40 డిగ్రీల గదిలో 90 నిమిషాలు చేస్తే రెట్టింపు మంచిదని అనుకోవడం మాత్రం ఆ మార్గదర్శకాల్లో లేని మాట.

పరీక్షించినది ఏమిటి

2013లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో ఎనిమిది వారాల బిక్రమ్ యోగా తరువాత ఆరోగ్యవంతులైన యువతకు వంగే శక్తి, కొంత కండబలం పెరిగాయి. 2018లో టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మరో ప్రశ్న వేశారు: మేలు ఆసనాలదా, వేడిదా? నడివయసువాళ్లను విడదీసి, అవే బిక్రమ్ ఆసనాలను కొందరిచేత 40.5 డిగ్రీల్లో, కొందరిచేత 23 డిగ్రీల్లో 12 వారాలు చేయించారు. రక్తనాళాల పనితీరు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా మెరుగైంది. ఆ ఒక్క విషయంలో వేడి కలిపింది పెద్దగా లేదు. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ చేయించిన కొలతల్లో, తరగతి చివరికి కొందరి శరీరం లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీలు దాటింది.

ఇవన్నీ ఒళ్లు బాగున్నవాళ్ల మీద చేసినవి. బెణికిన కాలుతో, కుట్లు పడిన మోకాలితో ఉన్నవాళ్ల మీద కాదు.

రెండు వైపులా నిజాయితీగా వినదగ్గ మాటలు

వేడి గదిని సమర్థించే శిక్షకుల మాటలో బలం ఉంది. నెలల తరబడి నొప్పితో ఉన్న మనిషి శరీరం కదలికకే భయపడుతుంది. వెచ్చదనం ఆ భయాన్ని కరిగిస్తుంది. 'ఈ నడుము ఇంకా వంగుతుంది' అన్న నమ్మకం ఒక్కసారి కలిగితే మనిషి మళ్లీ వ్యాయామంలోకి వస్తాడు. తరగతి అంటే నలుగురితో కలిసి చేయడం, అదీ ఒక మందే. నేను దీన్ని తీసిపారేయలేను.

ఫిజియోథెరపిస్టుల అభ్యంతరం వేడి మీద కంటే కొలత మీద. పాతికమంది తరగతిలో అందరికీ ఒకే ఆసనం, ఒకే లాగుడు. గాయపడిన మనిషికి కావలసింది ఈ వారం ఎంత, వచ్చే వారం ఎంత అన్న లెక్క. ఆ లెక్క సరిచూసుకోవడానికి వాళ్లు వాడేది చేసేటప్పటి హాయి కాదు, మరునాటి ఉదయం. నొప్పి, వాపు, బిగుతు ఒక రోజులో పాత స్థితికి వస్తే బరువు సరిపోయింది. రాకపోతే ఎక్కువైంది.

నాకు ఈ రెండో వాదనే బరువైనదిగా తోస్తుంది. మొదటిది పాత బిగుతు ఉన్నవాళ్ల అనుభవం, కొత్త చిరుగు ఉన్నవాళ్లది కాదు.

మూడు శరీరాలు, మూడు లెక్కలు

గుంట మగ్గం మీద రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే ఒక నేత కార్మికుణ్ణి ఊహించుకుందాం. వయసు 45, రెండేళ్లుగా నడుం నొప్పి, కాలిలోకి పాకే తిమ్మిరి లేదు. ఇతనికి వెచ్చదనం వల్లా ఆసనాల వల్లా మేలు జరిగే అవకాశం ఎక్కువ. లోపల మానాల్సిన చిరుగు లేదు, బిగుతు, బలహీనత ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం మగ్గం దిగి చెమటతో వచ్చిన మనిషికి మళ్లీ మూసిన గది ఏం ఇస్తుంది? తెల్లవారుజామున డాబా మీద చేసే ఆసనాలకు ముందు పావుగంట కాపడం కూడా ఆ సడలింపునే ఇస్తుంది.

రెండో మనిషి పర్లాకిమిడిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు, మధుమేహం, భుజం బిగుసుకుపోయింది. మధుమేహం ఉన్నవాళ్లకు ఈ భుజం బిగుతు తరచుగా వస్తుంది, దానికి వెచ్చదనం ఊరటనిస్తుంది కూడా. కానీ ఆమె రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకుంటోంది, నొప్పికి డైక్లోఫెనాక్ కూడా. ఆ రెండు మందుల మీద ఒంట్లో నీరు తగ్గితే దెబ్బ పడేది భుజానికి కాదు, మూత్రపిండాలకు. ఆమె విషయంలో గాయం కంటే మందుల చీటీయే ముందు చూడాల్సింది.

చెమట ఎంత పోతుందో ఎవరైనా తూకం వేసి తెలుసుకోవచ్చు. నేను ఒకసారి చూసుకున్నాను. ముందు 62 కిలోలు. గంటన్నరలో అర లీటరు నీళ్లు తాగాను. తరువాత 61.1 కిలోలు. అంటే పోయిన చెమట 1.4 లీటర్లు, ఒంటికి మిగిలిన లోటు 0.9. నీళ్లు తాగకపోయి ఉంటే లోటు బరువులో 2 శాతం దాటేది. అక్కడినుంచి ఓపికా ఏకాగ్రతా తగ్గుతాయి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. వేసవిలో ఉప్పు వేసిన తరవాణి తాగే మన ఇళ్లూ, నీళ్లలో నానబెట్టిన అన్నం, పఖాళ, తినే ఒడియా ఇళ్లూ ఆ సంగతి పుస్తకాలు చూడకుండానే పట్టుకున్నాయి.

మూడో శరీరం నాదే. ఆ జూన్ ఉదయం ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఆ అమ్మాయితో కలిసి చేశాను. నా పాదం మూడు వారాల్లో ఎన్నడూ వంగనంత వంగింది. ఆనందంతో కళ్లు చెమ్మగిల్లాయి. మరునాడు పొద్దున టేపు పెట్టి చూస్తే చీలమండ చుట్టుకొలత ముందురోజు కంటే సెంటీమీటరు ఎక్కువ. ఫిజియోథెరపిస్టు తిట్టలేదు. బెణికిన కాలి మీద కళ్లు తెరిచి ఎంతసేపు నిలబడగలరో చూద్దాం అన్నాడు. ఎడమ కాలి మీద 40 సెకన్లు, కుడి కాలి మీద ఆరు. వంగడం తిరిగొచ్చింది, పట్టి నిలబెట్టడం రాలేదు. ఆ తరువాతి నెలలన్నీ ఆ ఆరును పెంచడానికే పోయాయి, వంటింటి గట్టు పట్టుకుని, రోజుకు మూడుసార్లు, ఫ్యాను కింద. దసరా నాటికి 25 అయింది. సంక్రాంతికి రెండు కాళ్లూ సమానమయ్యాయి.